నాన్న కత్తిరించిన బొమ్మలు, అమ్మ రాసిన పద్దులు

కిందటి వేసవిలో తెనాలిలోని మా పుట్టిల్లు ఖాళీ చేశాం. నాన్న పోయి పన్నెండేళ్ళు, అమ్మ పోయి ఏడాదిన్నర. ఇల్లు కొనుక్కున్నవాళ్ళు శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకున్నామన్నారు. అన్నయ్యా నేనూ ఇద్దరం రిటైరైనవాళ్ళమే కనక తీరిగ్గా నాలుగు రోజులు అక్కడే ఉండి ఒక్కొక్క గదీ సర్దుకుంటూ వచ్చాం. మూడో రోజున అటక మీద ఇత్తడి గంగాళం దింపితే, దాని అడుగున అమ్మ పాత నేత చీరలో చుట్టిన పొడుగాటి పుస్తకం ఒకటి కనబడింది. ఎర్ర అట్ట, షావుకార్లు లెక్కలు రాసుకునే చిట్టా పుస్తకం.

"ఇది ఇంకా ఉందా!" అన్నాడు అన్నయ్య, మెట్టు మీదే కూలబడిపోయి.

అందులో అన్నీ కార్టూన్లే. పేపర్లలోంచి కత్తిరించి, అన్నం మెతుకులు మెదిపి అంటించినవి. అందుకే కొన్నిచోట్ల పురుగు తిన్నంత తిని పోయింది. ప్రతి బొమ్మ కిందా నాన్న చేతిరాతతో తేదీ, పేపరు పేరు. ఇంగ్లీషు రాని అమ్మ కోసం రెండు ముక్కల్లో తెలుగు అర్థం.

మా నాన్న బ్రాంచి లైబ్రరీలో పనిచేసేవారు. విజయవాడ నుంచి, మద్రాసు నుంచి, బొంబాయి నుంచి వచ్చే పేపర్లన్నీ అక్కడికి చేరేవి. ఏడాదికోసారి పాత పేపర్లు తూకానికి అమ్మేసేవాళ్ళు. అమ్మే ముందు నాన్న కత్తెర పట్టుకుని కూచునేవారు. ఆ కత్తెర అమ్మ జాకెట్లు కుట్టుకునేది. కాయితం కోస్తే పదును పోతుందని అమ్మ పోట్లాట. కత్తిరించినందుకు తూకంలో తగ్గే పైసలు నాన్న తన జేబులోంచి కట్టి రశీదులో వేయించేవారు. "ఆ మాత్రం దానికి ఎవరడిగారండీ?" అని లైబ్రరీ బంట్రోతు నవ్వేవాడట. ఎవరూ అడక్కపోయినా కట్టే మనిషి ఆయన. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆయన అంతగా ఎందుకు విరిగిపోయారో మీకు అర్థం కావాలని.

క్యాలెండర్ వెనక బొమ్మ

పుస్తకంలో మొదటి పేజీలో బొమ్మ లేదు. శంకర్స్ వీక్లీ ఆగిపోయిందన్న వార్త ఉంది. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ఆగస్టు 31 సంచికతో ఆ పత్రిక ముగిసింది. ఇరవయ్యేడేళ్ళ పత్రిక అది. 1948లో దాన్ని ప్రారంభించింది సాక్షాత్తూ నెహ్రూగారే. నన్ను కూడా వదలొద్దని ఆ రోజు ఆయన శంకర్‌ని కోరారన్న మాట ప్రసిద్ధం. శంకర్ కూడా వదల్లేదు. నెహ్రూని వేల సార్లు గీసి ఉంటారు. పిల్లల బొమ్మల పోటీలు పెట్టిందీ, ఢిల్లీలో బొమ్మల మ్యూజియం కట్టించిందీ ఆ శంకరే. నేను ఆరో తరగతిలో గీసిన కొబ్బరిచెట్టు బొమ్మ నాన్న ఆ పోటీకి పంపారు. బహుమతి రాలేదు లెండి.

ఆఖరి సంచికలో శంకర్ వీడ్కోలు రాస్తూ నియంతల రాజ్యానికి నవ్వు పడదన్న అర్థం వచ్చే మాటలు రాశారు. నాన్న ఆ వార్త అంటించి కింద ఏమీ రాయలేదు. తేదీ మాత్రం వేశారు.

రెండో పేజీలో అబూ అబ్రహాం గీసిన బొమ్మ ఉంది. మీలో కొంతమందైనా చూసే ఉంటారు. 1975 డిసెంబరు 10న ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. రాష్ట్రపతి స్నానాల తొట్టిలో కూచుని ఉంటారు. సంతకం పెట్టిన కాయితాన్ని తలుపు సందులోంచి బయటికి అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులేమైనా ఉంటే కాసేపు ఆగమని చెప్పు అంటుంటారు. అంతే. తిట్టు లేదు, ఆవేశం లేదు. దేశం ఏ స్థితిలో ఉందో మొత్తం ఆ తొట్టిలో ఉంది. పేపర్లలో ప్రతి అక్షరం సెన్సారు చూసి వదిలే రోజుల్లో ఆ బొమ్మ అచ్చయిందంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ బొమ్మని నాన్న ఏడాది చివర దాకా ఆగకుండా మర్నాడే కత్తిరించి తెచ్చారు. తెచ్చి పుస్తకంలో పెట్టలేదు, గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ వెనక దాచారు. మూడు వారాల తర్వాత కొత్త సంవత్సరం క్యాలెండర్ మార్చబోయి అమ్మ చూసింది.

"ఇదేం చోద్యమండీ! స్నానం చేస్తున్న మనిషి బొమ్మ దేవుడి వెనకాల పెడతారా?"

నాన్న ఒక్క ఉదుటున వచ్చి తలుపు గడియ వేశారు. గొంతు తగ్గించి అమ్మకి అర్థం చెప్పారు. మా వీధి చివర ఇంట్లో ఉండే కాలేజీ లెక్చరరుగారిని అప్పటికి ఆరు నెలల కింద పోలీసులు తీసుకుపోయారు. ఆయన భార్య రోజూ సాయంత్రం అరుగు మీద కూచుని వీధి వైపు చూస్తుండేది. నాకప్పుడు పన్నెండేళ్ళు. భయమంటే చీకటి అనుకునే వయసు. పట్టపగలు తలుపేసుకుని గుసగుసలాడుకునే భయం కూడా ఒకటుంటుందని ఆ రోజే చూశాను. అమ్మ అంతా విని, "అయితే దేవుడి వెనకే ఉండనివ్వండి" అంది. కొత్త క్యాలెండర్ కూడా దాని మీదే తగిలించింది.

దేశం ఒకవైపు, మనం ఒకవైపు

1977 మార్చి ఎన్నికల సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా మా ఇంట్లో కొత్తగానే ఉండేది. ఉత్తరప్రదేశ్‌లో 85 స్థానాలుంటే కాంగ్రెస్‌కి ఒక్కటి రాలేదు. బీహార్‌లో 54 ఉంటే అక్కడా సున్నా. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ స్వయంగా ఓడిపోయారు. కానీ మన రాష్ట్రంలో సంగతి పూర్తిగా తిరకాసు. 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగారు ఒక్కరే జనతా అభ్యర్థిగా గెలిచారు. అంటే, ఆ రాత్రి రేడియో ముందు కూచుని గెంతులేస్తున్న మా నాన్న తన ఊళ్ళో ఓడినవాడు, ఢిల్లీలో గెలిచినవాడు!

మర్నాడు లైబ్రరీకి పటికబెల్లం పట్టుకెళ్ళి పేపరు చదవడానికి వచ్చినవాళ్ళకల్లా పంచారు. సగం మంది మొహమాటానికి తీసుకున్నారట. మా మేనమామ పక్కా కాంగ్రెస్. పల్లె నుంచి ప్రత్యేకం బస్సెక్కి వచ్చి, "ఏం బావా, మాలో ఒక్కడికైనా పెట్టావా బెల్లం?" అని దెబ్బలాడాడు. ఇద్దరూ రాత్రి పదకొండు దాకా అరుచుకుని, పొద్దున్నే కలిసి ఇడ్లీలు తిని వెళ్ళారు.

అమ్మ ఎవరికేసిందో మాకు తెలీదు. అప్పుడు కాంగ్రెస్ గుర్తు ఆవూ దూడా. జనతావాళ్ళకి చక్రంలో నాగలి పట్టుకున్న రైతు. "ఆవూ దూడా చూస్తే నీ చెయ్యి ఆగి ఉండదు" అని నాన్న ఉడికించేవారు. "నా ఓటు సంగతి ఆ పెట్టెకి తెలుసు, నాకు తెలుసు. మధ్యలో మీకెందుకు?" అనేది. ఎంత బతిమాలినా చెప్పలేదు. చివరిదాకా చెప్పలేదు.

ఆ ఏడాదంతా పుస్తకం నిండా బొమ్మలే. ఎమర్జెన్సీలో సెన్సారు ఆపేసినవి కూడా కలిపి అబూ 1977లోనే పుస్తకం వేశారు. పేపర్లన్నీ గొంతు విప్పుకున్నాయి. నాన్న ప్రాణం మాత్రం ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మ మీద. టైమ్స్ ఆఫ్ ఇండియా మా ఊరికి రెండు మూడు రోజులు ఆలస్యంగా చేరేది. అయినా సరే, మొదటి పేజీ మూలన ఉండే ఆ చిన్న బొమ్మ చూశాకే మిగతా పేపరు విప్పేవారు.

లక్ష్మణ్ 1951లో ఆ రోజువారీ బొమ్మ మొదలుపెట్టారు. మొదట్లో దేశం మొత్తాన్ని చూపించాలని బెంగాలీ, తమిళుడు, పంజాబీ, ఇలా ప్రాంతానికొకరిని బొమ్మలో నింపేవారట. రోజూ గడువులోపల అంతమందిని గియ్యడం కుదరక ఒక్కొక్కళ్ళనీ తీసేస్తూ పోతే చివరికి ఒకాయన మిగిలాడు. గళ్ళ కోటు, పంచె, గుండ్రటి కళ్ళజోడు, చెవుల వెనక నాలుగు వెంట్రుకలు, గుబురు మీసం. ఆయనే కామన్ మ్యాన్. మంత్రుల గదుల్లో, విమానాశ్రయాల్లో, గుంతల రోడ్ల మీద, ఎక్కడ పడితే అక్కడ ఉంటాడు. అన్నీ చూస్తాడు. ఒక్క ముక్క మాట్లాడడు.

ఒకరోజు నాన్న బొమ్మ అంటిస్తుంటే అమ్మ పక్కన కూచుని పప్పు ఏరుతోంది. "ఈయన మాట్లాడ్డేం?" అని అడిగింది.

"అదే గొప్ప. మాట్లాడితే ఏముంది, అందరూ మాట్లాడేవాళ్ళే."

"మరి ఈవిడో?" అని ఇంకో బొమ్మ చూపించింది. కామన్ మ్యాన్‌కి ఒక భార్య ఉంది, ఎప్పుడో గానీ కనిపించదు. బొద్దుగా ఉంటుంది. కనిపించిన రోజున మాత్రం మాట ఆవిడదే, ఆయన పక్కన గుడ్లప్పగించి నిలబడతాడు. "ఈవిడ బాగుంది. ఈవిణ్ణి రోజూ ఎందుకు గియ్యరు?" అంది అమ్మ.

నాన్న నవ్వేసి ఊరుకున్నారు. నేను మాత్రం ఆ ప్రశ్న చాలా ఏళ్ళు మోసుకు తిరిగాను.

ఇంకో ప్రశ్న కూడా అమ్మదే. "మొరార్జీగారికి టోపీ, రాజ్‌నారాయణ్‌గారికి తలగుడ్డ. ఇందిరాగాంధీకి మాత్రం ఇంత పొడుగు ముక్కా? మగాళ్ళకైతే వేషం గీస్తారు, ఆడదానికైతే ఒళ్ళు గీస్తారేం?" ఇది పూర్తి న్యాయమైన మాట కాదు. లక్ష్మణ్ నెహ్రూగారి టోపీ తీసేసి బట్టతల కూడా గీశారు. తర్వాత రాజీవ్ గాంధీకీ జుట్టు తగ్గిస్తూ పోయారు. కానీ ఆడవాళ్ళు రాజకీయాల్లోకి వచ్చినప్పుడల్లా బొమ్మల్లో వాళ్ళు అయితే దుర్గ, లేకపోతే గయ్యాళి అత్త అయిపోవడం నేనూ గమనించాను. గీసే చేతులన్నీ మగచేతులే అయితే అలాగే ఉంటుంది మరి. బెంగుళూరులో మాయా కామత్ అనే ఆవిడ రాజకీయ కార్టూన్లు వేస్తోందని తెలిసే వేళకి నాకు పెళ్ళయి పిల్లలు కూడా పుట్టారు. మన తెలుగులో రాగతి పండరి ఉంది. పోలియోతో కాళ్ళు చచ్చుబడ్డా ఎనిమిదేళ్ళ వయసు నుంచే బొమ్మలు మొదలుపెట్టి వేల కార్టూన్లు గీసిన విశాఖపట్నం అమ్మాయి. ఆవిడ బొమ్మల్లో మొగుళ్ళకి పడే అక్షింతలు చూసి మా అమ్మ పడీ పడీ నవ్వేది. 2015లో జనవరి 26న లక్ష్మణ్ పోయారు, ఫిబ్రవరిలో పండరి పోయింది. రెండు వార్తలూ అమ్మకి నేనే ఫోన్లో చెప్పాను. పండరి సంగతి విన్నాకే అమ్మ ఎక్కువసేపు మాట్లాడకుండా ఉండిపోయింది.

బతికున్న మనిషికి సంతాపం

పుస్తకంలో 1977 నవంబరు పేజీలు ఖాళీగా ఉన్నాయి. 19వ తేదీన ఉప్పెన వచ్చింది. దివిసీమలో శవాలు లెక్కపెట్టలేనన్ని. మా ఊళ్ళో స్కూళ్ళ నిండా తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. నాన్న నెలరోజులు లైబ్రరీ మూసేసి బియ్యం బస్తాల వెంట తిరిగారు. ఆ పేజీలు ఆయన కావాలనే వదిలేశారు.

డిసెంబరు నుంచి మళ్ళీ బొమ్మలున్నాయి. కానీ చూస్తూ ఉంటే రంగు మారిపోతుంది. ఇదివరకు ఇందిరాగాంధీ మీద ఉండేవి, ఇప్పుడు జనతావాళ్ళ మీద. నాలుగు పార్టీలు కలిసి ఒక్కటైన పార్టీ అది. నాలుగు వంటలు ఒకే పొయ్యి మీద పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. రాజ్‌నారాయణ్ తలగుడ్డ కార్టూనిస్టులకి దేవుడిచ్చిన వరం. మొరార్జీగారి స్వమూత్ర చికిత్స మీద బళ్ళో మా తరగతి మగపిల్లలు వేసుకున్న జోకులు ఇక్కడ రాయలేను. 1978 జూన్‌లో చరణ్‌సింగ్‌నీ, రాజ్‌నారాయణ్‌నీ మంత్రివర్గం నుంచి తీసేశారు. 1979 జనవరిలో చరణ్‌సింగ్ మళ్ళీ వచ్చి ఉపప్రధాని అయ్యారు. మొదట్లో నాన్న కింద రాసే తెలుగు అర్థాల్లో హుషారు ఉండేది. పోను పోను ఒక్క ముక్కతో సరిపెట్టారు. తర్వాత అదీ లేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 1979 మార్చిలో తగిలింది. అంతకు రెండేళ్ళ కింద రాజ్‌ఘాట్‌లో గాంధీగారి సమాధి దగ్గర జనతా ఎంపీలందరి చేతా ప్రమాణం చేయించిన జయప్రకాశ్ నారాయణ్, బొంబాయి జస్‌లోక్ ఆసుపత్రిలో మంచం మీద ఉన్నారు. ఆయన పోయారని లోక్‌సభలో ప్రధానమంత్రి ప్రకటించారు. సంతాపం చెప్పుకుని సభ వాయిదా వేసుకున్నారు. ఆ కబురు వినగానే నాన్న లైబ్రరీ తాళం వేసి ఇంటికొచ్చి స్నానం చేశారు. అమ్మ పొయ్యి వెలిగించలేదు. సాయంత్రానికి తెలిసింది, జేపీ బతికే ఉన్నారని!

నాన్న పగలబడి నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "ఇంతకన్నా పెద్ద కార్టూన్ ఎవడు గీస్తాడే!" అన్నారు అమ్మతో. ఆ తర్వాత అక్టోబరు 8న జేపీ పాట్నాలో నిజంగానే కన్నుమూశారు. ఆ రోజు నాన్న లైబ్రరీకి వెళ్ళారు, వచ్చారు, అన్నం తిన్నారు.

ఈలోగా జూలైలో మొరార్జీ రాజీనామా. 28న చరణ్‌సింగ్ ప్రధాని అయ్యారు, ఎవరి మద్దతుతో? ఇందిరాగాంధీ మద్దతుతో! ఆవిడ మద్దతు తీసేసింది. ఆగస్టు 20న ఆయన ఒక్కరోజు కూడా లోక్‌సభ ముందు నిలబడకుండానే రాజీనామా ఇచ్చారు. రెండు రోజులకి లోక్‌సభ రద్దయింది. రద్దు చేసిన రాష్ట్రపతి ఎవరో తెలుసా? మన నంద్యాల నుంచి గెలిచిన ఆ ఒక్క సంజీవరెడ్డిగారే.

పుస్తకంలో ఆఖరి బొమ్మ ఆ ఆగస్టుదే. పురుగు సగం తినేసింది. కామన్ మ్యాన్ కోటూ, చెప్పులూ మిగిలాయి.

మాట పోయిన ఇల్లు

మా ఇంట్లో ఎవరూ చనిపోలేదు, డబ్బు పోలేదు, ఉద్యోగం పోలేదు. ఎక్కడో ఢిల్లీలో ప్రభుత్వం పడిపోతే తెనాలిలో ఒక లైబ్రరీ ఉద్యోగి మాట్లాడ్డం మానేస్తాడా అని ఎవరైనా అడిగితే నేను ఒప్పించలేను. కానీ మానేశారు. కోపం లేదు, తాపం లేదు. ఏదడిగినా "ఏదో ఒకటి" అనేవారు. మావయ్య ఊరి నుంచి వచ్చి, "ఏం బావా, బెల్లం ఎక్కడ?" అని కావాలనే కెలికాడు. నాన్న, "కాళ్ళు కడుక్కో, భోంచేద్దాం" అన్నారు. మావయ్య మొహం చిన్నబోయింది. వెళ్ళేటప్పుడు వంటింట్లోకి వచ్చి, "చెల్లాయ్, డాక్టరుకి చూపించరాదూ?" అని అడిగాడు.

పోట్లాడే మొగుడితో వేగడం కష్టమే, మనందరికీ తెలిసిందే. కానీ పోట్లాట మానేసిన మనిషితో ఇంకా కష్టమని అమ్మ ఆ నాలుగైదు నెలల్లో నేర్చుకుంది. ఒకరోజు రాత్రి కంచం ముందు కూచుని ఆయన ఎటో చూస్తుంటే, ఉండబట్టలేక అనేసింది.

"మీ లక్ష్మణ్ బొమ్మలో ఆయనలాగే తయారయ్యారు. అన్నీ చూడ్డం, నోరు విప్పకపోవడం. ఆయన్ని కాయితం మీద చూస్తే నవ్వొచ్చింది గానీ, ఇంట్లో ఉంటే నవ్వు రావట్లేదు."

నాన్న చెయ్యి కడుక్కుని అరుగు మీదకి వెళ్ళిపోయారు. అన్నయ్యా నేనూ గుడ్లప్పగించి చూశాం.

ఆలోచిస్తే, అమ్మ అన్నది నిజమే అనిపిస్తుంది. నాలుగేళ్ళపాటు ఆ బొమ్మలు నాన్నకి ఊపిరి. ఎమర్జెన్సీలో తలుపేసుకుని నవ్వుకోవడానికి ఒక్క బొమ్మ చాలింది. ఆ నవ్వులో ఎదురు తిరిగినంత ధైర్యం ఉంది. తర్వాత ఏ భయమూ లేకుండా రోజుకో బొమ్మ చూసుకునే స్వేచ్ఛ వచ్చాక, ఆ నవ్వు మెల్లిగా ఇంకోలా మారింది. ఎవరొచ్చినా ఇంతేలే అనే నవ్వు. అబూదీ తప్పు కాదు, లక్ష్మణ్‌దీ తప్పు కాదు. వాళ్ళు ఉన్నదే గీశారు. రోజూ మొదటి పేజీ మూలన నిలబడి చూసే మనిషి పక్కన నాన్న కూడా వెళ్ళి నిలబడిపోయారు, అంతే.

ఆ శీతాకాలం ఉల్లిపాయలు మండిపోయాయి. మీలో అరవై దాటినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1980 జనవరి ఎన్నికలకి ఉల్లిపాయల ఎన్నికలని పేరే వచ్చింది. ఇందిరాగాంధీ ప్రచారంలో ఆ ధరే పెద్ద ఆయుధం. కిలో తెచ్చేచోట అమ్మ అరకిలో తెచ్చి, పులుసులో కనబడీ కనబడకుండా వేసేది. చిట్టా పుస్తకంలో సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి కదా, కాయితం వృథా ఎందుకని అందులోనే ఇంటి పద్దులు రాయడం మొదలుపెట్టింది. అయిదో తరగతి చదువు, గుండ్రటి అక్షరాలు. నాన్న చూశారు, ఏమీ అనలేదు. అది ఆయన పుస్తకమని గుర్తున్నట్టే లేదు.

ఎన్నికల రోజున నాన్న కదల్లేదు. ఓటుకి అప్పుడు ఇరవయ్యొక్క ఏళ్ళు నిండాలి, అన్నయ్యకింకా రెండేళ్ళు తక్కువ. ఇంట్లో ఓట్లు రెండే. "ఎవరికేసినా ఒకటే. నువ్వూ పోకు, ఎండలో పడి" అన్నారు. జనవరి ఎండ! అమ్మ తల దువ్వుకుని, ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, "ఉల్లిపాయలు కొనేది నేను. ఒకటో కాదో నాకు తెలుస్తుంది" అని ఒక్కతే రిక్షా ఎక్కి వెళ్ళింది. అంతకు ముందెప్పుడూ ఆయన వెనకాల తప్ప ఓటుకి వెళ్ళి ఎరగదు.

ఇందిరాగాంధీ 353 స్థానాలతో తిరిగొచ్చారు. రాయ్‌బరేలీలోనూ గెలిచారు, మన మెదక్‌లోనూ గెలిచారు. చివరికి మెదక్ ఉంచుకున్నారు. అమ్మ ఈసారి ఎవరికేసిందో కూడా చెప్పలేదు. ఉల్లిపాయల మాటని బట్టి మేం ఊహించుకోవడమే. అదీ తప్పయి ఉండొచ్చు.

నాన్న మెల్లిగానే తేరుకున్నారు. 1983లో తెలుగుదేశం గాలి వీచినప్పుడు మావయ్యతో మళ్ళీ అరిచే స్థితికి వచ్చారు. ఈనాడులో శ్రీధర్ 'ఇదీ సంగతి' చూసి పొద్దున్నే నవ్వేవారు కూడా. ఓటు వెయ్యడం ఆ తర్వాతెప్పుడూ మానలేదు. బొమ్మలు మాత్రం కత్తిరించలేదు. ఈమధ్య ఎన్నికలయ్యాక మా మనవడు ఫోన్లో ఏవో కార్టూన్లు వరసగా పైకి తోసుకుంటూ నవ్వుతుంటే, వాడి మొహం వంకే చూస్తూ కూచున్నాను. ఏ రకం నవ్వా అని.

అటక దగ్గరే అన్నయ్యకీ నాకూ చిన్న మాటామాటా వచ్చింది. పుస్తకాన్ని రెండు చేద్దామన్నాడు. బొమ్మల సగం ఏదైనా లైబ్రరీకి ఇస్తే పదిమందికీ పనికొస్తుంది, పద్దుల సగం నువ్వుంచుకో అని. సబబైన మాటే. నేను ఒప్పుకోలేదు. చివరికి తనే పుస్తకం తీసుకుని, వెనక సగంలోంచి ఒక పేజీ పైకి చదివాడు. ఎన్నికల వారం పేజీ అది.

పాలు. కిరసనాయిలు. ఉల్లిపాయలు అరకిలో. ఓటుకి రిక్షా, రానూ పోనూ, 0-80. కత్తెర సాన, 0-25.

అన్నయ్య పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. విజయవాడలో పాత పుస్తకాలు బైండు చేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ముక్కలు చెయ్యొద్దని ముందే చెప్పాను. దారం ఊడినచోట కుట్టి, పురుగు తిన్న పేజీలకి వెనక పల్చటి కాయితం అంటించి ఇస్తానన్నాడు. వారం రోజులు పడుతుందట.